మనోడే అయినా పోలీసులకు చెప్పాల్సిందేనా?

ప్రశ్న: మాది విజయనగరం జిల్లాలో ఒక పల్లె. కొన్నేళ్ల కిందట కుర్రాళ్లం కలిసి యువజన సంఘం పెట్టుకున్నాం. నేను కార్యదర్శిని. సాయంత్రం పూట పిల్లలకు ట్యూషన్, వెయిట్‌లిఫ్టింగ్, కబడ్డీ నేర్పిస్తాం. నలభై మంది దాకా వస్తారు, సగం ఆడపిల్లలే. రిటైరైన పీఈటీ మాస్టారు ఒకరు పైసా తీసుకోకుండా కోచింగ్ ఇస్తున్నారు. ఆయనకు సాయంగా ముగ్గురు కుర్రాళ్లు వస్తారు. వాళ్లలో ఒకడు మా చిన్నాన్న కొడుకు, ఇరవై నాలుగేళ్లు. పదో తరగతి చదివే ఒక అమ్మాయికి వాడు రాత్రిళ్లు వాట్సాప్‌లో మెసేజ్‌లు పెడుతున్నాడని ఆ పిల్ల అన్నయ్య వచ్చి నాకు ఫోన్ చూపించాడు. మొదట్లో ప్రాక్టీసు గురించే. తర్వాత తర్వాత ‘నిద్ర పట్టలేదా’, ‘ఒక్క ఫోటో పెట్టు’, ‘ఇంట్లో చెప్పకు, మనిద్దరి మధ్యే ఉండాలి’ అని. ఆ పిల్లల అమ్మానాన్నలు హైదరాబాద్‌లో కట్టడం పనికి వెళ్లారు. వీళ్లు నాయనమ్మ దగ్గర ఉంటారు. చిన్నాన్నేమో ‘ఏటవుతాది, మనోడే కదా, పిలిచి నాలుగు తిడితే సరిపోతాది, బయటికి పొక్కితే సంఘం మూసుకోవాలి’ అంటున్నారు. వచ్చే నెల గుంటూరులో పోటీలున్నాయి. ఆ పిల్లను ఈసారికి ఆపేద్దామని మాస్టారు అంటున్నారు. ఇంకో తల్లి ‘రాత్రి మా పిల్ల ఎవరి దగ్గర పడుకుంటుంది?’ అని అడిగితే మావాళ్లకు కోపమొచ్చింది. నేనేం చేయాలి? సంఘానికి రూల్స్ పెట్టుకోవాలా? పెడితే మాస్టారిని అనుమానించినట్టు అవదా?
(పేరు, ఊరు వేయొద్దన్నారు)

జవాబు: రూల్స్ గురించి తర్వాత మాట్లాడుకుందాం. మీ ఉత్తరంలో రేపటిదాకా ఆగకూడని పని ఉంది, ముందు అది.

మీ తమ్ముడు (చిన్నాన్న కొడుకంటే తమ్ముడే కదా, చిక్కంతా అక్కడే ఉంది) ఈ సాయంత్రం నుంచి పిల్లలుండే చోటికి రాకూడదు. తప్పు చేశాడని మీరు తీర్పు చెప్పినట్టేం కాదు. తేల్చాల్సినవాళ్లు తేల్చేదాకా దూరంగా ఉంచుతున్నారు, అంతే. అతన్నొక్కణ్నే ఆపితే ఊళ్లో గుసగుసలు మొదలై ఆ పిల్ల పేరు బయటికొస్తుందని భయముంటే, సాయానికొచ్చే ముగ్గుర్నీ రెండు వారాలు రావద్దనండి. కమిటీ కొత్త పద్ధతులు రాసుకుంటోంది, అందాకా ఆగండి అంటే చాలు. అబద్ధం కూడా కాదు.

అతన్ని పిలిచి నిలదీయకండి. నిలదీస్తే మొదట చేసేది ఆ మెసేజ్‌లు తుడిచేయడం. రెండోది ఆ పిల్ల దగ్గరికి పరిగెత్తడం, బతిమాలడానికో బెదిరించడానికో. మీ చిన్నాన్నకు సంగతి ఇప్పటికే తెలుసు కాబట్టి అబ్బాయి చెవిన కూడా పడే ఉండొచ్చు. అందుకే ఈ రోజే అంటున్నాను.

ఫోన్లో ఉన్నవి ఉన్నట్టే ఉండాలి. తారీఖు, టైము కనబడేలా స్క్రీన్‌షాట్లు తీసి ఆ అన్నయ్య దగ్గరే ఉంచమనండి. సంఘం గ్రూపులో ‘చూడండి వీడి నిర్వాకం’ అని ఎవరూ పెట్టకూడదు. పెట్టిన పది నిమిషాల్లో ఊరంతా మాట్లాడుకునేది వాడి గురించి కాదు, ఆ పిల్ల గురించే. ఒకవేళ అడిగినట్టుగా ఆమె ఏదైనా ఫోటో పంపి ఉంటే, దాన్ని మీ ఫోన్లోకి తెచ్చుకోవద్దు, సాక్ష్యం కోసమని కూడా. పద్దెనిమిదేళ్లలోపు పిల్లల అశ్లీల ఫోటోలు దగ్గర పెట్టుకోవడం, పంచడం కూడా కేసులవుతాయి. పోలీసులకు చెప్పండి, వాళ్లే ఆ ఫోన్ నుంచి తీసుకుంటారు.

తర్వాత 1098కి ఫోన్ చేయండి. పిల్లల హెల్ప్‌లైన్, ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది. వాళ్ల ద్వారా జిల్లా బాలల సంరక్షణ విభాగానికి విషయం వెళ్తుంది. స్టేషన్‌కి ఎలా వెళ్లాలి, ఎవర్ని తోడు తీసుకెళ్లాలి అని టెన్షన్‌గా ఉంటే అదీ వాళ్లనే అడగొచ్చు. మీ సచివాలయంలో మహిళా పోలీసు ఉంటే ఆమె ద్వారా కూడా కదలొచ్చు. కానీ ఆమెకు ఒక మాట చెవిలో వేసి ఇంటికొచ్చేస్తే పనైపోదు. సమాచారం స్టేషన్‌కి చేరి, అక్కడ దాన్ని రాసుకుని నంబరు వేయాలి.

‘ఫోటో అడిగితేనే నేరమా?’ అని మీ కమిటీలో ఎవరో తప్పకుండా అడుగుతారు. పిల్లల మీద లైంగిక నేరాలకు సంబంధించిన 2012 నాటి పోక్సో చట్టం పద్దెనిమిదేళ్లు నిండని ఎవర్నయినా, ఆడపిల్లయినా మగపిల్లాడైనా, పిల్లలుగానే చూస్తుంది. లైంగిక ఉద్దేశంతో ఫోన్లోనో నెట్లోనో పదే పదే వెంటపడటం దాని ప్రకారం వేధింపే. మూడేళ్ల దాకా జైలు. ఇక్కడ ఉద్దేశం ఏమిటన్నది దర్యాప్తు చేసేవాళ్లు, కోర్టు చూసుకుంటారు. ఆ బరువు మీ నెత్తినేసుకోకండి. నేరం జరిగిందని తెలిస్తేనే కాదు, జరగబోతోందన్న భయం కలిగినా చెప్పి తీరాలని 19వ సెక్షన్ అంటుంది. రుజువులు పట్టుకురమ్మని ఎక్కడా అడగలేదు. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ల మీద కేసు ఉండదని కూడా అదే సెక్షన్‌లో రాసి ఉంది.

ఇంకొకటి మీరు తెలుసుకోవాలి. ఒక సంస్థను నడిపే మనిషి, తన కింద పనిచేసేవాడు చేసిన ఇలాంటి నేరం తెలిసీ కప్పెడితే ఏడాది దాకా జైలు, జరిమానా. సంస్థ పేరు ఏదైనా సరే, రిజిస్టరైన స్కూలే కానక్కర్లేదు. కార్యదర్శి మీరేనని రాశారు కదా. ‘నాలుగు తిడితే సరిపోతాది’ అన్న చిన్నాన్న గారు కోర్టు మెట్లెక్కరు, మీరు ఎక్కాల్సి రావచ్చు.

భయపెట్టాలని రాయడం లేదు. ఊళ్లో పెద్దమనుషుల పంచాయతీ ఎలా నడుస్తుందో మనందరికీ తెలుసు కాబట్టి రాస్తున్నాను. రచ్చబండ దగ్గర కూర్చోబెడతారు, కుర్రాడు తల దించుకుంటాడు, ‘ఇంకెప్పుడూ చేయను’ అంటాడు, టీ తాగి లేస్తారు. పోక్సో నేరాలను అలా రాజీ చేసే అధికారం ఏ పెద్దమనిషికీ లేదు. చట్టం సంగతి పక్కన పెట్టినా, ఆ తిట్ల వల్ల కుర్రాడు నేర్చుకునేది ఒక్కటే, ఈసారి మెసేజ్ పెట్టకుండా నోటితో అడగాలని. ఆ అన్నాచెల్లెళ్లు నేర్చుకునేదేమిటంటే, చెప్పినా ఏమీ కాదని. మిగతా ముప్పై తొమ్మిది మంది పిల్లలూ అది చూస్తూనే ఉంటారు. పిల్లలకు తెలియదనుకుంటాం గానీ ఊళ్లో ఏ ఇంట్లో ఏం జరిగిందో ముందు తెలిసేది వాళ్లకే.

ఆ మెసేజ్‌ల వరస ఇంకోసారి చూడండి. ముందు ప్రాక్టీసు, తర్వాత నిద్ర, తర్వాత ఫోటో, తర్వాత ‘ఇంట్లో చెప్పకు’. పిల్లల్ని ఇలా మచ్చిక చేసుకునేవాళ్లు ఒక్కసారిగా గీత దాటరు. కొంచెం జరిగి, పిల్ల ఏమంటుందో చూసి, ఇంకొంచెం జరుగుతారు. నాలుగింటిలోనూ నన్ను ఎక్కువ భయపెట్టింది ఆ చివరి మాట. పదిహేనేళ్ల పిల్లతో ఇంట్లో తెలియకూడని మాట మాట్లాడాల్సిన అవసరం ఏ కోచ్‌కీ, ఏ అన్నయ్యకీ ఉండదు. వాడు ఎంచుకున్న పిల్ల కూడా చూడండి. అమ్మానాన్న ఊళ్లో లేరు. నాయనమ్మకు వాట్సాప్ తెలియదు. మన ఉత్తరాంధ్రలో పనుల కోసం హైదరాబాద్, చెన్నై వలస వెళ్లిన ఇళ్లలో పిల్లలు ఇలాగే ముసలివాళ్ల దగ్గర ఉంటారు. సాయంత్రం తీసుకెళ్లడానికి ఎవరూ రాని పిల్లల్ని ఎవరైనా ఇట్టే గుర్తుపడతారు, చెడ్డ ఆలోచన ఉన్నవాళ్లు ఇంకా ముందు గుర్తుపడతారు. మీ నలభై మందిలో అలాంటి వాళ్లు ఎందరున్నారో పేర్లు రాసుకోండి.

ఇక మీరు ఈ నిర్ణయాల్లో ఎక్కడుండాలి? ఫోన్ చేయడం, కబురు చేరవేయడం మీ పని. చేరవేశాక పక్కకు తప్పుకోండి. మీరు అతని అన్న. మీరు ఎంత నిక్కచ్చిగా ఉన్నా ‘తమ్ముణ్ని కాపాడుకున్నాడు’ అనో, ‘ఆస్తి గొడవతో ఇరికించాడు’ అనో అంటారు. మీ కుటుంబానికి సంబంధం లేని ఇద్దర్ని, వాళ్లలో ఒకామె ఆడమనిషి అయ్యేలా, ఈ విషయం చూసుకోమని కమిటీ పుస్తకంలో రాసి సంతకాలు పెట్టించండి. పిల్ల పేరు మాత్రం ఆ పుస్తకంలో రాయొద్దు.

ఆ పిల్లతో మాట్లాడాల్సింది కూడా మీరు కాదు. ఆమెకు చనువున్న ఒక ఆడమనిషి, ఒక్కసారే. అంగన్‌వాడీ టీచరు కావచ్చు, స్కూల్లో టీచరు కావచ్చు. తల్లికి ఫోన్ చేసి చెప్పాలి, కానీ ‘అమ్మకు చెబుతున్నాం’ అని పిల్లకు ముందే తెలియాలి. మాటలు ఇలా ఉంటే చాలు:

‘నువ్వేం తప్పు చేయలేదమ్మా. మీ అన్నయ్య చెప్పి మంచి పని చేశాడు. నీ మీద ఎవరికీ కోపం లేదు. దీన్ని ఎవరికీ చెప్పనని మాట ఇవ్వలేను. నీకు సాయం చేయగలిగిన ఇద్దరు ముగ్గురికి చెప్పాలి. ఎవరికి చెప్పినా ముందు నీకు చెప్తాను.’

అంతకు మించి కూపీ లాగొద్దు. ‘ఎందుకు రిప్లై ఇచ్చావు’, ‘ముందే ఎందుకు చెప్పలేదు’ అనేవి అడగకూడని ప్రశ్నలు. తనంతట తాను ఏమైనా చెబితే వినాలి. తర్వాత ఆమె వాడిన మాటల్లోనే, మనం సవరించకుండా, తారీఖు వేసి కాగితం మీద రాసిపెట్టాలి. మెసేజ్‌లు దాటి ఇంకేమైనా జరిగిందని చెబితే మాత్రం వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ముందు ఎఫ్ఐఆర్ తెమ్మని డాక్టరు అడగకూడదు, వైద్యం మొదలుపెట్టాలి.

పోలీసులంటే పిల్లను స్టేషన్‌లో బెంచీ మీద కూర్చోబెడతారని నాయనమ్మ భయపడుతుంది. ఆమెకు ఇవి చెప్పండి. పిల్ల చెప్పేది ఇంటి దగ్గరే, లేదా ఆమె కోరుకున్న చోట రాసుకోవాలి. వీలైనంతవరకు ఎస్సై హోదాకు తగ్గని మహిళా అధికారి, యూనిఫాం లేకుండా రావాలి. రాత్రిపూట పిల్లను స్టేషన్‌లో ఉంచకూడదు. 24 గంటల్లో పోలీసులు బాలల సంక్షేమ కమిటీకి తెలియజేయాలి. ఆ కమిటీ కేసు నడిచినన్నాళ్లూ పిల్లకు తోడుగా ఒక సహాయకురాలిని పెట్టగలదు. పేపర్లో, టీవీలో పేరు, ఊరు, స్కూలు, ఫోటో రాకూడదు. లాయరు కావాలంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా ఇస్తుంది, నంబరు 15100. ఇవన్నీ ప్రతిచోటా రాసినట్టే జరుగుతాయని నేను అనను. కానీ ఏం అడగాలో తెలిసి వెళ్లిన ఇంటివాళ్లకూ తెలియకుండా వెళ్లినవాళ్లకూ స్టేషన్‌లో చాలా తేడా ఉంటుంది.

ఇప్పుడు రూల్స్, మాస్టారు.

మన ప్రాంతంలో ఆడపిల్ల బరువులెత్తుతానంటే ఇంట్లో వద్దనరు, పంపుతారు. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో కంచు పతకం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆమే. నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడ పేరెత్తితే ఎవరికైనా లిఫ్టర్లే గుర్తొస్తారు. పతకం వస్తే స్పోర్ట్స్ కోటాలో రైల్వే ఉద్యోగం వస్తుందని, ఇల్లు నిలబడుతుందని తల్లిదండ్రుల ఆశ. ఆ ఆశ మంచిదే. దానికి ఇంకో వైపు కూడా ఉంది. ఎవర్ని పోటీకి పంపాలో చెప్పేది కోచ్. ఆయన పక్కన తిరిగే కుర్రాడిక్కూడా పిల్లల కళ్లలో ఆ పవర్‌లో వాటా ఉంటుంది. ‘వాడి మీద చెబితే నన్ను సెలక్ట్ చేయరు’ అని ఆ పిల్ల నోరు మూసుకుంటే ఆశ్చర్యమేముంది? పైగా పైసా తీసుకోని మాస్టారు. ఉచితంగా చేసే మనిషిని ప్రశ్నించడం మన దగ్గర దాదాపు పాపం.

2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో మాట్లాడి ఒక నివేదిక వేసింది. ఆంధ్రప్రదేశ్ కూడా అందులో ఉంది. 53.22 శాతం మంది ఏదో ఒక రకమైన లైంగిక వేధింపు ఎదురైందన్నారు. అలా చెప్పినవాళ్లలో మగపిల్లలే కాస్త ఎక్కువ. వేధించినవాళ్లలో సగం మంది పిల్లలకు బాగా తెలిసినవాళ్లు, వాళ్లు నమ్మినవాళ్లు. ఎక్కువమంది పిల్లలు ఆ మాట ఎవరికీ చెప్పుకోలేదు. అంటే ‘మనోడే కదా’ అన్నది ధైర్యం చెప్పే మాట అవడానికి వీల్లేదు. అమెరికాలో జిమ్నాస్టిక్స్ జట్టు డాక్టరు లారీ నాసర్ వైద్యం పేరుతో ఏళ్ల తరబడి ఆడపిల్లల్ని వేధించాడు, కొన్నిసార్లు వాళ్ల తల్లి అదే గదిలో ఉండగానే. పిల్లలు కొందరు ముందే చెప్పారు. అంత పేరున్న డాక్టరు అలా చేస్తాడా అని పెద్దవాళ్లు కొట్టిపారేశారు. 2018లో కోర్టులో 150 మందికి పైగా నిలబడి జరిగింది చెప్పారు. 40 నుంచి 175 ఏళ్ల శిక్ష పడింది. అక్కడ డబ్బుకూ సదుపాయాలకూ కొదవలేదు. చెప్పిన పిల్ల మాటకు మాత్రం విలువ లేకపోయింది.

మాస్టారిని అనుమానించినట్టు అవుతుందా అంటే, బరువులు జారిపోకుండా బారుకు రెండు వైపులా కాలర్లు బిగించేటప్పుడు ఎత్తేవాడి సత్తా మీద అనుమానంతో బిగిస్తామా? ఎంత గొప్ప లిఫ్టరైనా కాలర్ లేకుండా ఎత్తనివ్వరు. ఆయనకు ఈ భాషలో చెప్పండి, నాకంటే మీకంటే బాగా అర్థమవుతుంది. ఇంకా చెప్పాలంటే ఆ రూల్స్ పిల్లల ముందు, తల్లిదండ్రుల ముందు ఆయన చేతే చదివించండి. ఊరికే నోరు పారేసుకునేవాళ్ల నుంచి ఆయన్ని కాపాడేవి కూడా అవే. ఇవి విని అలిగి వెళ్లిపోయే పెద్దమనిషి ఎవరైనా ఉంటే, పోనివ్వండి.

మీరనుకుంటున్నట్టు ఇది మీ ఇష్టాయిష్టాల సంగతి కూడా కాదు. పిల్లలు తరచూ వచ్చే ఏ సంస్థ అయినా, స్పోర్ట్స్ అకాడమీలతో సహా, సిబ్బందికి పోలీస్ వెరిఫికేషన్ చేయించాలని, అదీ ఒక్కసారితో వదిలేయకుండా మళ్లీ మళ్లీ చేయించాలని 2020 పోక్సో నియమాల్లో ఉంది. జీతం లేని కుర్రాళ్లకు కూడా చేయించండి, స్టేషన్‌లో అడిగితే పద్ధతి చెబుతారు. దాని మీదే భరోసా పెట్టుకోవద్దు. ఇంతవరకు ఎవరూ కేసు పెట్టనివాడి కాగితం తెల్లగానే వస్తుంది. కొత్తవాణ్ని తీసుకునేముందు ఇంతకుముందు ఎక్కడ నేర్పాడో అక్కడికి ఫోన్ చేసి, ‘మళ్లీ మీ పిల్లల దగ్గర పెట్టుకుంటారా?’ అని ఒక్క ప్రశ్న అడగండి. అవతలివాళ్లు జవాబుకు ముందు నీళ్లు నమిలితే అర్థం చేసుకోవచ్చు.

రూల్స్ పొడుగ్గా రాయకండి, గోడ మీద పట్టేంతే ఉండాలి. అన్నింటికీ మూలం ఒకటే, పెద్దవాళ్లెవరూ ఒక్క పిల్లతోనో పిల్లాడితోనో నలుగురి కంటికీ కనబడని చోట ఉండకూడదు. హాలు తలుపు తెరిచే ఉండాలి. సామాన్ల గది తాళం ఒక్కరి జేబులోనే ఉండకూడదు. ప్రాక్టీసు అయ్యాక చివరి పిల్ల వెళ్లేదాకా ఇద్దరు పెద్దవాళ్లు ఆగాలి. చీకటి పడిందని బండి మీద దింపి రావడం మన ఊళ్లలో మామూలే, మంచి మనసుతోనే చేస్తారు కూడా. ఒక్క పిల్లను ఎక్కించుకోవడం వద్దంటే ఇద్దర్ని ఎక్కించుకుంటారు, అది ఇంకో ప్రమాదం. ఇంటివాళ్లు రావాలి, రాలేనివాళ్ల పిల్లలు ఒక వీధివాళ్లంతా గుంపుగా నడిచి వెళ్లేలా ప్రాక్టీసు వేళ ఒక గంట ముందుకు జరపండి. జరపడానికి మీకు ఖర్చేమీ లేదు.

ఫోన్ సంగతి. పిల్లలకు విడిగా మెసేజ్‌లు ఉండవు. ఏ కబురైనా తల్లిదండ్రులు కూడా ఉన్న గ్రూపులోనే. హైదరాబాద్‌లో ఉన్న అమ్మానాన్నల నంబర్లు కూడా అందులో ఉండాలి, నిజానికి ముందు కలపాల్సింది వాళ్లనే. సింగ్లెట్ (లిఫ్టింగ్‌కి వేసుకునే బిగుతు డ్రెస్సు) వేసుకున్న ఆడపిల్లల ఫోటోలు స్టేటస్‌లుగా పెట్టుకోవడం ఆపండి. పతకం వచ్చినప్పుడు ఇంటివాళ్లను అడిగి ఒక మంచి ఫోటో వేయండి, స్కూలు పేరు, వీధి పేరు లేకుండా.

వెయిట్‌లిఫ్టింగ్‌లో ముట్టుకోకుండా నేర్పడం కుదరదు, అది నిజం. వెన్ను నిటారుగా ఉందో లేదో, భుజం ఎక్కడుండాలో చేత్తో చూపాలి. చూపండి. ‘నీ భుజం పట్టుకుని సరిచేస్తున్నాను’ అని ముందు చెప్పి, అందరి ముందు, అవసరమైనంతే. వద్దంటే ఆగాలి, వద్దన్నందుకు మొహం మాడ్చుకోకూడదు. నొప్పికి బామ్ రాయడం, కాళ్లు పట్టడం మాస్టారి పనీ కాదు, ఆయన పక్కన కుర్రాళ్ల పనీ కాదు. ఆడపిల్లల బరువు చూసే గదిలోకి మగవాళ్లు వెళ్లకూడదు, కాంపిటీషన్‌లోనే కాదు, మీ హాల్లో కూడా. తక్కువ బరువు కేటగిరీలో పోటీకి దించడం కోసం పిల్లల్ని తిండీ నీళ్లూ మాన్పించడం, సరిగా ఎత్తలేదని బెత్తంతో కొట్టడం కూడా పిల్లలకు చేసే హానే. వాటికీ చట్టం వేరే ఉంది. మా కాలంలో దెబ్బలు తినే పైకొచ్చాం అని మాస్టారు అంటారు. దెబ్బలు తిని పైకి రాని వాళ్లు ఆయన ముందుకొచ్చి చెప్పరు కదా.

చెప్పుకోవడానికి మనిషి కావాలి. గోడ మీద రెండు పేర్లు రాయండి, ఒకటి మీ సంఘంలో ఆడమనిషిది, రెండోది సంఘానికి ఏ సంబంధం లేని మనిషిది. ఆశా కార్యకర్త కావచ్చు, హైస్కూలు టీచరమ్మ కావచ్చు. కింద 1098 పెద్ద అక్షరాలతో, చిన్న పిల్లల కళ్లకు అందే ఎత్తులో. ఆడపిల్లల టాయిలెట్ తలుపు లోపలి వైపు కూడా రాయండి, ఎవరూ చూడకుండా నంబరు రాసుకోవాలనుకునే పిల్ల అక్కడే రాసుకుంటుంది. మగపిల్లల వైపు మరిచిపోవద్దు.

గుంటూరు గురించి అడిగిన తల్లి మీద కోప్పడ్డారని రాశారు. ఆమెను కమిటీలోకి తీసుకోండి. అడగాల్సిన ప్రశ్న అడిగింది ఆమె ఒక్కతే. రాత్రి రైల్లో పిల్లలందరి బెర్తులూ ఒకే బోగీలో, ఒకచోట ఉండాలి. పోటీల దగ్గర ఎక్కువగా ఏదో స్కూల్లో క్లాసు గదులు ఇచ్చి చాపలు వేస్తారు, లేదా లాడ్జి. ఏదైనా ఆడపిల్లల గదికి లోపల గడియ పడాలి. వాళ్లతో ఇద్దరు తల్లులు వెళ్లాలి. మాస్టారూ మగపిల్లలూ వేరే గదుల్లో. ఏ పెద్దవాళ్లూ ఒక్క పిల్లతో ఒకే గదిలో పడుకోవద్దు. ప్రతి రాత్రీ ప్రతి పిల్లా ఇంటికి ఫోన్ చేసి మాట్లాడాలి, పక్కన ఎవరూ నిలబడకుండా. ఇద్దరు తల్లులకు టికెట్లు పెట్టే డబ్బు లేకపోతే చందా అడగండి, చెప్పి అడిగితే ఇస్తారు. అదీ కుదరకపోతే ఈసారి మగపిల్లలు కూడా వెళ్లొద్దు.

ఇక ఆ పిల్లను ఆపేయడం. మాస్టారు చెడ్డ ఉద్దేశంతో అనలేదని నమ్ముతాను, గొడవ సద్దుమణగాలని అని ఉంటారు. కానీ వాడు మెసేజ్‌లు పెడితే పోటీ పోగొట్టుకునేది ఆమె ఎందుకవ్వాలి? జాబితాలో ఆమె పేరు ఉంచండి. వెళ్లాలో వద్దో ఆమె, వాళ్లమ్మ చెప్పాలి. పోలీసులకు స్టేట్‌మెంట్ ఇచ్చే రోజు, పోటీ రోజు ఒకటైతే తారీఖు మార్చమని వాళ్లు అడగొచ్చు. అన్నయ్యను కూడా తోడు పంపగలిగితే పంపండి. ఈలోగా ఆమె ప్రాక్టీసు మానకూడదు. సాయంత్రం హాలుకి రావడానికి ఇబ్బందిగా ఉంటే, పొద్దున్నే ఇంకో ఇద్దరు ఆడపిల్లల్ని కలిపి, ఒక తల్లి కూర్చుని ఉండగా, మాస్టారే ఓ గంట చేయించాలి. ఆ మాట ఆమెకు ఈ వారంలోనే, వాళ్లమ్మ ఫోన్ లైన్లో ఉండగా చెప్పమనండి.